కబురు గోరంత, కవరు కొండంత

సూరత్‌లోని డిండోలిలో ఉత్తరాలు చదివిపెట్టే కొలువు ఇంకా పోలేదు. జీతం లేదు, చాయ్ ఉంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి సాంచెల (పవర్‌లూముల) పని వెతుక్కుంటూ సూరత్ చేరిన మొదటి తరానికి గల్లీలో నాలుగు ముక్కలు చదివినవాడే సగం పోస్టాఫీసు. నీలిరంగు ఇన్లాండ్ లెటర్ చిరగకుండా విప్పాలి. క్షేమ సమాచారాలను గబగబా దాటించాలి. వాన పడ్డదా, పిల్లకు సంబంధం కుదిరిందా, ఈసారి పైసలెన్ని పంపాలి అన్న దగ్గర నిలబడి, అడిగినన్నిసార్లు మళ్లీ చదవాలి. ఆ కాగితానికి హద్దు ఉండేది. మడతలు దాటి రాయడానికి చోటు లేదు. పైగా తపాలా శాఖ దాని మీదే ఒక షరతు అచ్చేసేది: లోపల ఇంకేమీ పెట్టరాదు. ఉత్తరాల గురించి మన సర్కారు పలికిన మాటల్లో ఇంతకు మించిన జ్ఞానం నాకెక్కడా కనబడలేదు.

ఇప్పుడు ఆ కొలువులో నేను చదివేది ఈమెయిళ్లు. వీటికి ఆ షరతు వర్తించదు. లోపల ఏకంగా వెబ్ పేజీనే పెట్టి పంపుతున్నారు.

మొన్న గల్లీ చివరి కాకా ఫోను పట్టుకొచ్చాడు. బతుకంతా పవర్‌లూముల చప్పుడులో గడిచి, చెవి కాస్త మందగించిన మనిషి. బ్యాంకు నుంచి మెయిలట. ఏ బ్యాంకో చెప్పను. మీ బ్యాంకు పేరు పెట్టి చదువుకోండి, ఒక్క అక్షరం మార్చే పని ఉండదు.

తెరవగానే పైన సన్నటి అక్షరాల్లో ఒక మనవి: ఈ సందేశం సరిగ్గా కనిపించకపోతే ఇక్కడ నొక్కండి. తాను సరిగ్గా కనిపించనేమోనని ముందే బెంగపెట్టుకుని బయల్దేరిన ఉత్తరం తపాలా చరిత్రలో ఇదే మొదటిదేమో. దాని కింద బ్యాంకు ముద్ర. ముద్ర కింద తెరంత బొమ్మ: తెల్ల సోఫా, సోఫాలో మొగుడూ పెళ్లాం, చెరో పక్క ఒక పిల్ల, ఒక పిల్లాడు. నలుగురూ కలిసి ల్యాప్‌టాప్‌ను చూసి పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నారు. బ్యాంకు మెయిలు చదువుతూ అలా నవ్విన కుటుంబం భూమ్మీద ఎక్కడుందో నాకు తెలియదు. బొమ్మ కింద ఇంటి అప్పు. దాని కింద కారు అప్పు. డిండోలిలో కాకా ఉండే గల్లీలో కారు పెట్టాలంటే ముందు గల్లీని తీయాలి.

"ఏమున్నదిరా అండ్ల?"

"ఇంకా రాలేదు కాకా, కిందికి పోతున్న."

"గీ సోఫా మీద కూసున్నోళ్లు ఎవలు?"

"ఎవలో. మనోళ్లయితే గాదు."

"మరి నాకెందుకు పంపిన్రు?"

కారు అప్పుకూ బీమా ప్రకటనకూ నడుమ, బూడిద రంగు ఇంగ్లీషు అక్షరాల్లో దొరికింది అసలు కబురు. కేవైసీ కాగితాలు నెలాఖరులోగా ఇవ్వాలి, ఇవ్వకపోతే ఖాతా ఆగిపోవచ్చు. ఒకే ఒక్క వాక్యం. దాని కింద మళ్లీ ఊరేగింపు: ఫేస్‌బుక్కూ ఇన్‌స్టాగ్రామూ వగైరా గుర్తులు, ఈ మెయిలు పొరపాటున మీకు వస్తే ఏం చేయాలో చెప్పే వకీలు భాష, చెట్లను కాపాడటానికి ప్రింటు తీయవద్దన్న సుభాషితం. ఆ మెయిలును కాకా ప్రింటు తీయిస్తే కాగితాలు మూడు, పనికొచ్చేది ఒక వరుస. అన్నిటికన్నా కింద ఆఖరి ముక్క: ఈ మెయిలుకు జవాబు రాయకండి, ఈ చిరునామాకు వచ్చేవాటిని ఎవరూ చూడరు.

నాకు ఒళ్లు మండింది ఇక్కడ. ఇన్లాండ్ రాసినవాడికి చదువు సరిగ్గా రాకపోవచ్చు, అక్షరాలు వంకరపోవచ్చు. కానీ వెనక తన చిరునామా రాసి, తిరుగు టపా కోసం కళ్లు కాయలు కాచేలా చూసేవాడు. ఇన్ని హంగులతో వచ్చిన ఈ ఉత్తరం మాత్రం చెవులు మూసుకుని వచ్చింది. జవాబు అక్కర్లేనిదాన్ని మనం ఇంతకాలం ఉత్తరం అనలేదు, గోడమీది పోస్టరు అన్నాం.

ఒంటి మీది బట్ట చూశాక ఒళ్లు కూడా చూద్దామనిపించింది. కంప్యూటరులో జీమెయిల్ తెరిచి, మూడు చుక్కలు నొక్కితే 'షో ఒరిజినల్' అని ఒక వరుస వస్తుంది. నొక్కితే మెయిలు లోపలి సరుకంతా బయటపడుతుంది. చూడండి ఒకసారి, వినోదానికి టిక్కెట్టు లేదు. పట్టికలో పట్టిక, ఆ పట్టికలో ఇంకో పట్టిక. లెక్కలు చూపడానికి పుట్టిన పట్టికను ఇక్కడ గోడలు కట్టడానికి వాడారు. దీనికో కథ ఉంది. ఔట్‌లుక్ 2007లో మైక్రోసాఫ్ట్ మెయిలును చూపించే పనిని బ్రౌజర్ యంత్రం నుంచి తప్పించి వర్డ్‌కు అప్పగించింది. వెబ్ పేజీని వర్డ్‌తో చూపించాలన్న ఆలోచన ఎవరికొచ్చిందో గానీ, ఆ దెబ్బకు లోకంలోని మెయిలు డిజైనర్లంతా తొంభయ్యో దశకం నాటి పట్టికల పద్ధతికే అతుక్కుపోయారు. వెబ్ పేజీలు ఎంతో ముందుకు పోయాయి. మెయిల్లో దూరిన వెబ్ పేజీ మాత్రం అక్కడే చతికిలబడింది. అందులో జావాస్క్రిప్ట్ నడవదు. స్టైళ్లు సగం చోట్ల ఊడిపోతాయి. కాళ్లూ చేతులూ నరికి మరీ పేజీని మెయిల్లో ఎక్కించి, పైనుంచి 'సరిగ్గా కనిపించకపోతే' అని సంజాయిషీ.

ఇంకొంచెం లోపలికి వెళ్తే మన భాషవాళ్లకు మాత్రమే నవ్వొచ్చే సంగతి ఒకటి. ఇన్‌బాక్సులో మెయిలు తెరవకముందే మొదటి రెండు ముక్కలు కనిపిస్తాయి కదా. అక్కడ తమకు నచ్చిన ఊరింపు మాట మాత్రమే కనపడాలని, దాని వెనక కంటికి ఆనని గుర్తులను పదులకొద్దీ దట్టిస్తారు. అందులో ఒకటి జీరో విడ్త్ నాన్ జాయినర్. తెలుగు టైపు చేసేవాడికి అది రోజూ చేతికి తగిలే మీట. 'సాఫ్ట్‌వేర్' అని రాసేటప్పుడు ట పొల్లు కింద వకారం వత్తై అంటుకోకుండా అడ్డు నిలబడేది అదే. మన దగ్గర ఒళ్లొంచి పనిచేసే గుర్తు ఈ బ్యాంకు మెయిల్లో కూలికొచ్చిన గుంపులాగా వరుసకట్టి ఊరికే నిలబడి ఉంది. తెలుగు రాయడానికి ఒక్కసారీ పిలవలేదు, ఖాళీ నింపడానికి పిలిచారు.

తెలుగంటే గుర్తొచ్చింది. మెయిలు దారులు మొదట ఇంగ్లీషు అక్షరాలకే వేసినవి. యూనికోడ్‌లో 'తెలుగు' అన్న మాటకు అక్షరాలు, గుణింతపు గుర్తులు కలిపి ఆరు. ఒక్కోటి మూడేసి బైట్లు, మొత్తం 18. పాత దారిన పోవాలంటే ఒక్కో బైటు మూడేసి గుర్తుల వేషం కట్టాలి. సమానం గుర్తు, ఈ, సున్నా. సమానం గుర్తు, బీ, సున్నా. సమానం గుర్తు, ఏ, నాలుగు. ఇంతా కలిపితే ఒక్క 'త'. అలా మన భాష పేరే 54 గుర్తులై బయల్దేరుతుంది. అయినా చెక్కుచెదరకుండా చేరుతుంది, అటువైపు మళ్లీ తెలుగై లేచి నిలబడుతుంది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చిన కాలం నుంచీ, పోతన, వేమన ఫాంట్లు ఊరికే ఇచ్చిన పుణ్యాత్ముల కాలం నుంచీ ఆ తిప్పలు ఒక్కొక్కటే తీరుతూ వచ్చాయి. అక్షరాల్లో పంపిన తెలుగు చేరుతుంది. చేరనిది బొమ్మలో బంధించిన తెలుగే. ఏడాదికోసారి ఉగాదికి బ్యాంకుకు మన మీద ప్రేమ పొంగుతుంది. శుభాకాంక్షలు ఫాంటు పాడైపోతుందేమోనని బొమ్మగా చేసి పంపుతుంది. బొమ్మలు ఆపుకున్న ఫోనులో అక్కడ కనిపించేది ఖాళీ గడి. సూరత్ మున్సిపాలిటీ తెలుగు మీడియం బడులు నడుపుతోంది. ఇక్కడ తెలుగు చదవగలిగేవాళ్లు ఉన్నారన్న సంగతి కార్పొరేషన్‌కు తెలిసింది, కాకా పొదుపు డబ్బు దాచుకున్న బ్యాంకుకు మాత్రం ఉగాది నాడే, అదీ గడి రూపంలో తెలుస్తుంది.

వెబ్ పేజీని మెయిలు ఒంట్లో పెట్టి పంపడం మొదట్నుంచీ పాపమేమీ కాదు, ఒకప్పుడు పుణ్యకార్యం. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన దేశంలో జనానికి ఇంటర్నెట్ తెరిచినప్పుడు విద్యార్థులకిచ్చిన చవక కనెక్షనులో అక్షరాలే వచ్చేవి, బొమ్మలు వచ్చేవి కావు. చాలా దేశాల్లో అదీ లేదు, ఉన్నది మెయిలొక్కటే. అలాంటివాళ్ల కోసం అగోరా అని ఒక ఏర్పాటు ఉండేది. ఇటలీలో ట్రీస్టే నగరాన అబ్దుస్ సలామ్ పేరిట ఉన్న భౌతికశాస్త్ర కేంద్రం 'డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఫోర్ మెయిల్' అని ఇంకొకటి నడిపింది. కావలసిన పేజీ చిరునామా రాసి మెయిలు పెడితే, పేజీని తెచ్చి తిరుగు మెయిల్లో పంపేవి. నెట్టు అందని దేశంలోని పరిశోధకుడికి అదే గ్రంథాలయం. అడిగినవాడికే పంపారు, అడిగిందే పంపారు. ఇప్పుడు నెట్టు ప్రతి చేతిలోనూ ఉంది, కావాలంటే పేజీ దగ్గరికి మనమే పోగలం. సరిగ్గా ఇప్పుడే పేజీలు పిలవకుండా మన ఇళ్లలోకి వస్తున్నాయి.

పిలవని పేరంటానికి ఆద్యుడు కూడా ఉన్నాడు. 1971లో రే టామ్లిన్‌సన్ ఒక యంత్రం నుంచి పక్క యంత్రానికి మొదటి నెట్‌వర్క్ మెయిలు పంపాడు. అందులో ఏం రాశాడో ఆయనకే గుర్తులేదు. అంత వినయంగా మొదలైంది వ్యవహారం. అసలు ఆద్యుడు వచ్చింది 1978లో. గారీ థర్క్ అనే అమ్మకాల మనిషి తమ కంపెనీ కంప్యూటర్ల ప్రకటనను దాదాపు 400 మందికి ఒక్క దెబ్బలో కొట్టాడు. చిరునామాలు పైన పట్టక, మిగిలినవి ఉత్తరం ఒంట్లోకే పొర్లాయి. ప్రకటన మెయిళ్లలో చదవాల్సిన ముక్క చెత్త కింద పడిపోవడం అన్న సంప్రదాయం ఆనాటిది. 1992లో నాథానియల్ బోరెన్‌స్టైన్ తన పాటల బృందం ఫొటోను, పాటను మెయిలుకు జతచేసి పంపాడు. ఎప్పటికైనా మనవళ్ల ఫొటోలు మెయిల్లో చూసుకోవాలన్నది ఆయన కోరికట. ఆ దారి ఆయన మనవళ్ల కోసం వేసింది, మనకు తెల్ల సోఫా వచ్చింది.

1999లో ఆర్ఎఫ్‌సీ 2557 పేరుతో, బొమ్మలతో సహా మొత్తం పేజీని ఒకే మెయిల్లో చుట్టి పంపే పద్ధతి ఖరారైంది. ఆ పద్ధతిలో బొమ్మ మెయిలుతోపాటే ప్రయాణిస్తుంది. దిగాక ఎవరి గుమ్మమూ తొక్కక్కర్లేదు. ఇప్పుడొచ్చే మెయిలు బొమ్మను వెంట తేదు. ఫలానా చోట ఉంది, వెళ్లి తెచ్చుకో అంటుంది. తెచ్చుకునేది మన ఫోను, ఖర్చయ్యేది మన డేటా. ఈ పోయి రావడంలోనే ఉంది కిటుకు. బొమ్మల్లో ఒకటి, ఒక చుక్క పొడవు ఒక చుక్క వెడల్పు, రంగు లేనిది, కంటికి కనపడనిది. దాని చిరునామాలో మన నంబరు రాసి ఉంటుంది. ఫోను దాన్ని తేవడానికి వెళ్లగానే, ఫలానా కస్టమరు ఫలానా వేళకు మెయిలు తెరిచాడని అవతల నమోదైపోతుంది. కాకా మెయిలు తెరిచిన సంగతి కాకా కొడుక్కి తెలియదు, ముంబైలో ప్రచార విభాగానికి తెలుసు. జీమెయిల్ 2013 చివరి నుంచి బొమ్మలను తన సర్వర్ల గుండా తెప్పిస్తోంది కాబట్టి మన చోటు బయటపడదు గానీ, తెరిచామన్న సంగతి దాగదు. యాపిల్ 2021లో, తెరిచినా తెరవకపోయినా బొమ్మలన్నీ ముందే తెచ్చిపెట్టే ఏర్పాటు చేసింది. గూఢచారికి దొంగ సమాచారమివ్వడం అన్నమాట. బాగానే ఉంది, కాకా ఫోను యాపిల్ కాదు. ఈ బొమ్మల కిటుకు ఎంత దూరం పోయిందంటే, 2018లో జర్మనీ పరిశోధకులు రహస్య సంకేతాలతో తాళం వేసిన మెయిళ్లను కూడా ఇదే దారిన బయటికి లాగవచ్చని చూపించారు, ఈఫెయిల్ అన్న పేరుతో. తాళం గట్టిదే. మెయిల్లో దూరిన వెబ్ పేజీ కిటికీ తెరిచింది.

దొంగల మాటకొస్తే, వాళ్లకు ఇంతకన్నా మేలు ఎవరూ చేయలేదు. సాదా అక్షరాల ఉత్తరంలో లింకు పెడితే అది బట్టబయలుగా కనిపిస్తుంది. వెబ్ పేజీలో పైకి ఒక చిరునామా చూపించి, కిందుగా ఇంకో చోటికి దారి పెట్టొచ్చు. ఎర్ర బటను ఎక్కడికి తీసుకెళ్తుందో వేలు ఆనించి కాసేపు అలాగే నొక్కి పట్టుకుంటే తప్ప ఫోను చెప్పదు. రిజర్వు బ్యాంకు 2025 ఫిబ్రవరిలో బ్యాంకులన్నిటికీ 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' అనే ప్రత్యేక చిరునామా ప్రకటించింది, అక్టోబర్ 31 లోగా మారాలంది. మంచి పనే. అసలు చిరునామాను బటను కింద దాచడం మాత్రం బ్యాంకులే జనానికి అలవాటు చేసి పెట్టాయి. కాకాకు వచ్చిన ఆ మెయిల్లోనే ఒక పక్క 'తెలియని లింకులు నొక్కకండి' అని పసుపు పెట్టె, దానికి అటూ ఇటూ ఎర్ర బటన్లు. నొక్కవద్దన్నది ఏ బటన్ను? నొక్కమన్నది ఏది? ఈ పరీక్షలో తప్పినవాడికి 1930 నంబరు ఇచ్చారు, మోసపోయాక ఫోను చేసుకోవడానికి.

ఇదంతా నవ్వుకుని వదిలేద్దామంటే చట్టం ఊరుకోదు. 2000 నాటి ఐటీ చట్టం ఎలక్ట్రానిక్ రాతకు కాగితంతో సమానంగా విలువనిచ్చింది. జీఎస్టీ చట్టం 169వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషనులో ఇచ్చిన ఈమెయిలు చిరునామాకు నోటీసు పంపితే అందించినట్టే లెక్క. నాలుగు సాంచెలు అద్దెకు తీసుకుని జాబ్‌వర్కు చేసుకునే చిన్న ఆసామికి ఆ చిరునామా ఎవరిదో కూడా గుర్తుండదు. చాలాసార్లు అది రిజిస్ట్రేషను చేయించిన కన్సల్టెంటుది. తనదే అయినా ఏం ప్రయోజనం? ఆ పెట్టెలో రోజూ అప్పుల వానా, తగ్గింపు ధరల వరదా. వందిట్లో తొంభై తెల్ల సోఫాలే అయినప్పుడు మనిషి చేసే పని అన్నిటినీ ఒకేసారి ఎంచి చెత్తబుట్టలో వేయడం. జరిమానా నోటీసు కూడా వాటితోపాటే పోతుంది. చదవకపోవడం ఆసామి తప్పు. చదవలేనట్టు అలవాటు చేసినవాళ్లకు మాత్రం ఏ సెక్షనూ లేదు.

పొడుగు మెయిళ్లతో జీమెయిల్‌కే విసుగొచ్చింది. 102 కిలోబైట్లు దాటితే మిగతాది కత్తిరించి, కావాలంటే పూర్తి మెయిలు చూసుకో అంటుంది. ఆ లెక్కన తెలుగులో అక్షరాలూ గుర్తులూ కలిపి 34 వేల పైచిలుకు పడతాయి. వారపత్రిక సీరియల్ రెండు మూడు వారాలకు సరిపడా సరుకు. కేవైసీ కబురు చెప్పడానికి సీరియల్ చాలలేదన్నమాట. తమాషా ఏమిటంటే, కత్తెర పడేది అడుగున. 'ఇక మీ మెయిళ్లు నాకొద్దు' అని చెప్పుకునే లింకు ఉండేదీ అక్కడే.

రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లకు పోయి చూడండి. అక్కడి వ్యాపారి చీర ఫొటో, డిజైను నంబరు, రేటు పంపుతాడు. ఇటునుంచి 'యాభై పీసులు' అని పోతుంది. అంతే, లక్షల సరుకు కదులుతుంది. ఫొటో పెట్టింది చీర కనపడాలి గనక. రేటు పక్కన చిరునవ్వుల కుటుంబం ఎందుకు పెట్టలేదని ఏ సేఠ్‌నూ ఎవరూ నిలదీయలేదు. నాకు బొమ్మల మీద కక్ష లేదు. స్టేట్‌మెంటుకు పట్టిక కావాలి, చీరకు ఫొటో కావాలి, రైలు టిక్కెట్టుకు పెట్టెల వరుస కావాలి. కేవైసీకి సోఫా ఎందుకు?

మెయిల్లో సాదా అక్షరాలకు ఇప్పటికీ చోటుంది, చాలామందికి తెలియదు గానీ. ఒకే మెయిల్లో సాదా ప్రతినీ, సోకుల ప్రతినీ రెండూ పెట్టి పంపే పద్ధతి మొదట్నుంచీ ఉంది. కాకా మెయిల్లో సాదా ప్రతి ఉండాల్సిన చోట ఏముందో చూశాను. ఇంగ్లీషులో ఒకే ముక్క: మీ ప్రోగ్రాము వెబ్ పేజీలు చూపించలేదు, దయచేసి మార్చుకోండి. కళ్లు కనపడనివారి కోసం మెయిలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఆ పట్టికలో పట్టికను వరుస, గడి, వరుస, గడి అంటూ లెక్కపెట్టుకుంటూ పోతుంటే ఎలా ఉంటుందో పంపినవాళ్లు ఒకసారి విని ఉండాల్సింది.

ఒక్క వాక్యం చాలు: అయ్యా, కేవైసీ కాగితాలు ఫలానా తేదీలోగా ఉధనా శాఖలో ఇవ్వండి. తెలుగులోనో, గుజరాతీలోనో, హిందీలోనో. కింద ఒక మనిషి పేరు, ఆ మనిషి ఎత్తే ఫోను నంబరు. దీనికి డిజైనరు అక్కర్లేదు, గుమాస్తా చాలు.

అది జరగదని నాకు తెలుసు, ఎందుకంటే లెక్కలు మాకు వ్యతిరేకంగా ఉన్నాయి. కాకా ఫోనులో ఆ మెయిలు సరిగ్గా కనపడక పైనున్న 'ఇక్కడ నొక్కండి'ని రెండుసార్లు నొక్కాను. అసలు కబురు కోసం పైకీ కిందికీ చాలాసేపు గీకాను. బూడిద రంగు వాక్యం కాకా నమ్మడానికి మళ్లీ తెరిచి చూపించాను. అవతల ఎక్కడో ఒక పట్టికలో ఇదంతా పడి ఉంటుంది: ఈ కస్టమరు మెయిలు రెండుసార్లు తెరిచాడు, చాలాసేపు చదివాడు, లింకు రెండుసార్లు నొక్కాడు. మా మెయిళ్లంటే ఇతనికి మహా ఇష్టం. ఇక వారానికి రెండు పంపండి.